బెల్లపు పాకలో బొమ్మరిల్లు

అనగా అనగా, గాలి కూడా బెల్లం వాసన వేసే ఒక ఊరు. ఆ ఊళ్ళో శరభయ్య అనే బెల్లం వర్తకుడు ఉండేవాడు. మాటంటే మాటే ఆయనకి. ఆయన మనవరాలు వకుళకి పదేళ్ళు.

శరభయ్య ఇంటి పెరట్లో ఒక పాత పాక ఉంది. ఒకప్పుడు బెల్లం దిమ్మలు అందులోనే పేర్చేవారు. కొత్త కొట్టు కట్టాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. పగిలిన కుండలూ, బూజూ, చీమల బారులూ తప్ప అందులో ఏమీ లేవు.

వకుళకి మాత్రం ఆ పాకని చూస్తే బొమ్మరిల్లు కనబడేది.

"తాతా, తాతా! ఆ పాక మాకిచ్చెయ్యవా? వానొస్తే ఊళ్ళో పిల్లలకి ఆడుకోడానికి చోటే లేదు" అని తాత పంచె పట్టుకుని వేలాడింది.

శరభయ్య మీసం దువ్వాడు. "సరే, మూడు రోజులు గడువు. బాగుచేసుకోండి. నాలుగో నాడు వచ్చి చూస్తాను. ఎక్కడ చిన్న వంక ఉన్నా కూల్చేస్తాను. పిల్లల నెత్తిన కప్పు పడితే ఊరికి జవాబు చెప్పాల్సింది నేనే కదమ్మా!"

అంతే! వకుళ ఒక్క గెంతు గెంతింది. పక్కింటి సింహాద్రినీ, ఎదురింటి నీలవేణినీ కేకేసింది.

మొదటి రోజు పాక ఖాళీ చేశారు. బూజు దులుపుతుంటే ముగ్గురికీ తుమ్ములే తుమ్ములు. తుమ్మినవాళ్ళని చూసి నవ్వులు, నవ్వినవాళ్ళకి మళ్ళీ తుమ్ములు.

రెండో రోజు గోడలకి ఎర్రమట్టి పూశారు. సున్నంతో చిలకలు, చేపలు, ఒక ఏనుగు గీశారు. ఏనుగు పందిలా వచ్చింది. అయినా ఏనుగే అన్నారు.

మూడో రోజు ఉయ్యాల కట్టాలి. పాక నడుమ కప్పునంతా మోస్తూ నిలబడ్డ లావుపాటి నిట్రాట దగ్గరికి తాడు పట్టుకుని వెళ్ళింది వకుళ. తాడు చుట్టి బిగించింది. లోపల కరకరమంది. వేలితో నొక్కి చూసింది. వేలు లోపలికి దిగిపోయింది!

నిట్రాట నిండా చెదలు. పైకి గట్టిగా ఉంది, లోపలంతా డొల్ల.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"మట్టి మెత్తేద్దాం. మీ తాతకి కనబడదు" అన్నాడు సింహాద్రి.

"పూలదండ చుట్టేద్దాం. అందంగా కూడా ఉంటుంది" అంది నీలవేణి.

'పండగలా అందరూ వచ్చి ఆడుకున్నాక, ఎల్లుండి చెబితే పోలా' అంది వకుళ మనసు.

ఇంతలో నీలవేణి చెల్లెలు, నాలుగేళ్ళ బుల్లెమ్మ, గుమ్మంలోంచి తుర్రుమని పరిగెత్తుకొచ్చింది. నిట్రాటని రెండు చేతులా కావలించుకుంది. "అక్కా, అక్కా! రేపు ముందు నేనే ఉయ్యాలెక్కుతా!"

వకుళ బుల్లెమ్మని చంకనేసుకుని బయటికి పరుగు తీసింది.

"తాతా! మన పాక నిట్రాట పుచ్చిపోయింది!"

శరభయ్య వచ్చాడు. చేతికర్రతో నిట్రాటని ఒక్క పోటు పొడిచాడు. కర్ర సగం దిగింది. అందరినీ దూరంగా పంపి, నలుగురు పనివాళ్ళ చేత తాడు కట్టించి లాగించాడు. ఫెళఫెళమంటూ పాక కూలింది. చిలకలు, చేపలు, ఏనుగు, అన్నీ మట్టిలో కలిశాయి.

"నోరు మూసుకుని ఉంటే ఇల్లు నిలిచేది!" అని సింహాద్రి ఏడ్చేశాడు. వకుళ కళ్ళూ ధారలు కడుతున్నాయి.

శరభయ్య ఆమె పక్కన చతికిలబడ్డాడు. "మట్టి మెత్తితే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు తాతా."

"కూల్చేస్తానని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పావే?"

"బుల్లెమ్మ ముందు తనే ఉయ్యాలెక్కుతానంది తాతా."

శరభయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఒరే, వడ్రంగి మౌనాచారిని పిలవండిరా! నిట్రాట పుచ్చితే మార్చుకోవచ్చు. మనిషి మాట పుచ్చితే ఏ వడ్రంగి మారుస్తాడు? నా మనవరాలి మాట గట్టిది. దాని ఇల్లూ అంత గట్టిగా ఉండాలి!"

ఇక చూడండి సంబరం! టేకు స్తంభాలు వచ్చాయి. మౌనాచారి ఉలి టకటకలాడింది. ఊళ్ళో పిల్లలందరూ మట్టి తొక్కారు, తాటాకులు మోశారు, ఒంటినిండా బురద పూసుకున్నారు. సింహాద్రి అందరికంటే ఎక్కువ మోశాడు. కొత్త పాకకి కిటికీలు రెండు వచ్చాయి, పిల్లల ఎత్తు తలుపు వచ్చింది.

గృహప్రవేశం నాడు బుల్లి మట్టిపిడతలో పాలు పెట్టారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. పాలు నురగలు కక్కుతూ బుస్సున పొంగాయి.

"పొంగాయో!" అని అరిచిన అరుపుకి చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి.

బుల్లెమ్మ ఉయ్యాలెక్కింది. వకుళ వెనకనుంచి ఊపింది, ఇంకా పైకి, ఇంకా పైకి! టేకు నిట్రాట కిర్రుమనలేదు. బయట నిలబడ్డ శరభయ్య ఇక ఆగలేక, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఆ చిన్న తలుపులోంచి నడుం వంచుకుని లోపలికి దూరాడు.

పిల్లలూ, దాచిన లోపం ఇంటిని కూలుస్తుంది. ఒప్పుకున్న లోపం ఇంటిని నిలబెడుతుంది.