రాగిరేకుల కచేరీ

పూలగిరి రాజుగారి కచేరీ తీరే వేరు. వాద్యగాళ్లు ఆరుగురూ రాజు చుట్టూ, తలా ఒక దిక్కున కూర్చునేవారు. సింహాసనం వెనక చోటు పైడితల్లిది. చేతి మువ్వలు సన్నగా ఆడించడం ఆమె పని. అమ్మమ్మ నాటి నుంచి వస్తున్న ఆ చోటును తలుచుకుంటేనే పైడితల్లి మెడ నిటారుగా లేచేది.

ఆ కచేరీని తమ్ముడి కొలువుకు రాయించి పంపాలనుకున్నాడు రాజు. ఆస్థాన విద్వాంసుడు విరూపాక్షశాస్త్రి దాన్ని తాటాకులకెక్కించాడు. కట్ట బరువవుతుందని, చెవికి అందదనుకున్నదంతా వదిలేశాడు. తర్వాత ఆ ఆకుల్నే చూసి వెడల్పాటి రాగిరేకుల మీద చెక్కించి, "నాణ్యం పదింతలైంది ప్రభూ!" అన్నాడు.

రేకుల్లో ఉన్నది ఉన్నట్టు వాయించమన్నాడు రాజు. ఐదుగురు అందుకున్నారు. పైడితల్లి మాత్రం మువ్వలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి రాజు చటుక్కున వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, వాయించవేం?"

"రేకుల్లో నా వంతు లేదు ప్రభూ."

శాస్త్రి నవ్వాడు. "ఎవరికీ వినబడని సవ్వడి. అందుకే తీసేశాను."

"వినబడని సవ్వడి ఆగితే ప్రభువులు వెనక్కెందుకు తిరిగారు శాస్త్రిగారూ?"

శాస్త్రి తడబడ్డాడు. "అయితే ఇంకా పెద్ద రేకుల మీద చెక్కిస్తాను!"

"దేన్ని చూసి? ఆకుల్లోనే లేనిది రేకుల్లోకి ఎక్కడినుంచి వస్తుంది? ఈసారి మమ్మల్ని విని రాయండి. ముందు నా దగ్గర కూర్చోండి."

రాజు తలాడించాడు. విద్వాంసుడు ఘంటం పట్టుకుని సింహాసనం వెనక నేల మీద చతికిలబడ్డాడు. పైడితల్లి నింపాదిగా మువ్వలు అందుకుంది.

నాలుగు దరువులైనా కాకముందే శాస్త్రి చెయ్యెత్తాడు. "కాస్త నెమ్మదిగా తల్లీ, రాతకు అందడం లేదు!"