ఉప్పునీటి పేలిక

గిల్టు నగలకు పూత పెట్టడం నేర్చుకుందామని చిలకలపూడిలో పూర్ణాచారి గారి దగ్గరికి ఎవరు వచ్చినా, ముందు రెండు గాజు గ్లాసుల ముందు కూర్చోవలసిందే. మీట నొక్కితే కరెంటు ఎవరికైనా వస్తుంది, అది పుట్టే చోటు చూసినవాడే పూత పెట్టగలడు అనేవారు ఆయన. మనసు చెదిరిన పాతవాళ్లను కూడా మళ్లీ ఆ గ్లాసుల దగ్గరికే పంపేవారు.

సుభాషిణి ఆయన దగ్గర చేరి మూడేళ్లయింది. కూతురు తులసి కర్నూలు హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. ఏం తిన్నావు, తల ఆరబెట్టుకున్నావా, తాగే నీళ్లు కాచినవేనా అంటూ సుభాషిణి రోజుకు ఐదుసార్లు ఫోను చేసేది. నాలుగు రోజులుగా పిల్ల ఫోను ఎత్తడం లేదు. క్షేమంగానే ఉందని వార్డెను చెప్పినా ఆమె మనసు నిలవలేదు.

"మూడింటి బస్సుకు టిక్కెట్టు తీశాను మాస్టారూ. చదువు మాన్పించి తీసుకొచ్చేస్తాను. కళ్లముందుంటే అంతే చాలు. తప్పంటారా?"

గాజులకు మెరుగు పెడుతున్న రమీజా తలెత్తకుండానే, "తెచ్చుకో అక్కా, ఆ వార్డెనమ్మకైనా కంటినిండా నిద్ర పడుతుంది" అంది. సుభాషిణి నవ్వలేదు.

"మూడింటికి కదా, ఇంకా వేళుంది. గ్లాసులు తియ్యి" అన్నారు మాస్టారు.

ఒక గ్లాసులో మైలుతుత్తం అనే రాగి లవణం కలిపిన నీలం నీళ్లు, అందులో రాగి రేకు. రెండో గ్లాసులో ఉప్పునీళ్లు, అందులో జింకు రేకు. అలా ఉండాలి. కానీ ఏ వస్తువునైనా నేరుగా పూత తొట్టిలో ముంచడం అలవాటైన చెయ్యి, పైగా తొందర. సుభాషిణి జింకు రేకును తీసుకుపోయి నీలం నీళ్లలోనే వేసింది. తీగ తగిలించేలోపే రేకు నల్లబడి, ఎర్రటి మడ్డి పట్టింది. గ్లాసు పట్టుకుని చూసింది.

"వేడెక్కింది మాస్టారూ."

"తీగలో నడవాల్సింది తాకిన చోటే వేడైపోయింది" అన్నారాయన.

ఆమె సిగ్గుపడి కొత్త రేకు తెచ్చింది. ఈసారి దేని గ్లాసులో దాన్ని ఉంచి, కరెంటు కొలిచే మీటరు మీదుగా రెండింటికీ తీగ కలిపింది. ముల్లు కదలలేదు. మాస్టారు పాత పంచె అంచు చింపి, ఉప్పునీళ్లలో తడిపి, ఒక కొస ఈ గ్లాసులో, ఇంకో కొస ఆ గ్లాసులో మునిగేలా వేశారు. ముల్లు లేచి నిలబడింది.

"జింకు కరుగుతూ వదిలే విద్యుత్కణాలు తీగ వెంట రాగిని చేరుతున్నాయి. ఈ తడి పేలిక లేకపోతే రెండు గ్లాసుల్లోనూ ఆవేశాల సమతూకం చెడి, ఆ నడక ఆగిపోతుంది."

సుభాషిణి జింకు రేకు వైపే చూస్తూ ఉండిపోయింది. "అయితే ఇది అరిగిపోతుందిగా?"

"అరుగుతుంది. ఇందాక నీలం నీళ్లలోనూ అరిగింది."

పక్కనున్న పొయ్యి సెగకు రెండు దాటేసరికి పేలిక నడుమ ఎండిపోయింది. ముల్లు మెల్లగా కిందికి జారింది. సుభాషిణి గబుక్కున లేచి చెంబెడు ఉప్పునీళ్లు ఎత్తింది. మాస్టారు చెంబుకు చెయ్యి అడ్డం పెట్టారు.

"అన్ని పోస్తే గ్లాసులు పొంగి నీలం నీళ్లు జింకు మీదికి పోతాయి. మళ్లీ మొదటికే వస్తావు."

ఆమె వేళ్లు ముంచి పేలిక మీద ఒక్క చుక్క విదిలించింది. ఆగి, మరొకటి. కొంతసేపటికి ఇంకొకటి. తడి ఈ కొస నుంచి ఆ కొసకు పాకాక ముల్లు తిరిగి లేచింది. దాన్ని చూస్తూ అక్కడే కూర్చుంది. రమీజా గోడ గడియారం వైపు చూసి, "మూడూ దాటింది అక్కా" అంది మెల్లగా. సుభాషిణి సంచిలోంచి టిక్కెట్టు తీసి, మడిచి, మళ్లీ లోపల పెట్టుకుంది.

"ఆదివారం ఒక్కసారి ఫోను చేస్తాను మాస్టారూ. అప్పుడూ ఎత్తకపోతే?"

ఆయన నల్లబడిన మొదటి రేకును కడిగి పక్కన పెట్టారు.

"ఇందాక ముల్లు మొదటి చుక్కకే లేవలేదు కదమ్మా" అన్నారు.