మంచె మీది కుండీ

అచ్యుతరామయ్యగారిని ఏదైనా అడిగితే ముందు చేతికి ఒక పని ఇచ్చేవారు. కడియం దగ్గర ఆయన మామిడితోటకు వెళ్ళే శిష్యులందరికీ ఈ అలవాటు తెలుసు. అయినా ప్రతివాడూ తన వంతుకు జవాబు నోటితోనే వస్తుందనుకునేవాడు.

ఒక ఆషాఢంలో, వానలు మొహం చాటేసిన రోజుల్లో, సన్యాసిరావు పదిరోజులు సెలవు పెట్టి వచ్చాడు. నీటి మోటార్లు తయారుచేసే ఒక పాత కంపెనీలో అతను ఇంజనీరు. చెడిపోయిన మోటారును రైతు పట్నం దాకా మోసుకురాకుండా, పొలానికే వెళ్ళి బాగుచేసే వ్యాను నడపాలని అతని ఆలోచన. కంపెనీ వ్యాను ఇచ్చింది, ఇద్దరు మెకానిక్కులను ఇచ్చింది, ఆర్నెల్లు గడువు ఇచ్చింది. ఇంకో నలుగురు మనుషులు కావాలని, వేరే ఆఫీసు కావాలని పై అధికారుల గదుల చుట్టూ తిరగడంలోనే నాలుగు నెలలు గడిచాయి. వ్యాను షెడ్డు దాటలేదు. ఇప్పుడు అతని సంచిలో రాజీనామా ఉత్తరం ఉంది.

"అయ్యా, అంత పెద్ద కంపెనీ కదా, నా పనిని అది మొయ్యొద్దా? ఉండమంటారా, బయటికి వచ్చెయ్యమంటారా?" కూర్చోమన్నా కూర్చోలేక, నిలబడే అడిగాడు.

గురువుగారు కొత్తపల్లి కొబ్బరి రకం ముసలి మామిడిచెట్టును చూపించారు. కొమ్మ ఎత్తున చిన్న మంచె, దాని మీద కుండీ, కుండీలో టెంక నుంచి మొలిచిన మొక్క. మొక్క కాండాన్నీ చెట్టు రెమ్మనూ ఒక పక్క చెక్కి, కలిపి కట్టారు. అతుక్కున్నాక రెమ్మను చెట్టునుంచి కోస్తారు. ఇక కొత్త మొక్కకు కాసేది ఆ చెట్టు పండే.

"ఈ ఏడు దీనికి కట్టిన అంటు ఇదొక్కటే. నీళ్ళ సంగతి నువ్వు చూడు" అన్నారు.

సన్యాసిరావు మనసుపెట్టే చూశాడు. రెండు పూటలా చెట్టు మొదట్లో బిందెలకు బిందెలు పోశాడు. పోసి, తోటంతా తిరిగి, మళ్ళీ వచ్చి కట్టు వంక చూసేవాడు. నాలుగోరోజు కలుపు తీసే గంగరత్నం ఉండబట్టలేక, "ఏంటండి బాబూ, ఆ ముసల్దానికేమన్నా జొరమా? అన్నేసి బిందెలు పోత్తన్నారు!" అంది.

"చెట్టు తాగితే రెమ్మకు రాదా? రెమ్మనుంచి మొక్కకు రాదా?"

"ఏమోనండి, మీరు సదూకున్నోరు."

ఆరోరోజు పొద్దున మొక్క ఆకులు వేలాడిపోయాయి. చెట్టు రెమ్మ మాత్రం నిగనిగలాడుతోంది. అతను పరుగెత్తుకుంటూ వస్తే గురువుగారు నిచ్చెన చూపించారు. ఎక్కి, కుండీలో వేలు గుచ్చాడు. మట్టి పిండిలా పొడిగా ఉంది. చాలాసేపు వేలు తియ్యలేదు.

తర్వాత దిగి, చెంబుతో నీళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కాడు.

"బతుకుతుందా అయ్యా?"

"సాయంత్రం ఎక్కి చూడు."

"మరి కొయ్యడం ఎప్పుడు?" అన్నాడు పైనుంచే. అడిగింది అంటు గురించో, సంచిలో ఉత్తరం గురించో, అతను చెప్పలేదు.

అచ్యుతరామయ్యగారు మొలలో ఉన్న కత్తిని ఒకసారి తడిమి చూసుకున్నారు.

"కత్తికేం, ఎప్పుడైనా కోస్తుంది. ఆ చెంబు ఖాళీ అయినట్టుంది, చూడు."