రెండో పిడి

పిల్లలూ, ముందు ఒక ప్రశ్న. కొన్న వస్తువు ధర ఎప్పటినుంచి పడిపోతుంది? పాడైనప్పటినుంచా, కొత్తది వచ్చినప్పటినుంచా? మీ వీడియో గేమ్ అమ్మబోతే సగం ధర కూడా రాదన్నారని పొద్దున్నుంచి మొహాలు వేలాడేసుకున్నారు కదా, అందుకే అడుగుతున్నాను. తొందరపడి చెప్పకండి. ముందు కథ వినండి.

సముద్రం ఇంకా ఇంత ఉప్పగా లేని రోజుల్లో, అనగనగా ఒక రేవు. రేవు చివర ఒక దీపస్తంభం. దానికి కాపరి గవరయ్య. గాజు తుడవడం, నూనె పోయడం, ఒత్తి సరిచేయడం అతని పని. తోడంటే ఒక్క గోరింక. అతను కంచం ముందు కూర్చోగానే అది చిలక్కొయ్య మీద వాలి, "గవరయ్యా, అన్నం తిన్నావా?" అనేది. తిన్నాక కూడా అడిగేది. పడుకోబోతుంటే మళ్లీ అడిగేది.

ఆ రేవులో బేరాలన్నీ వస్తువుకి వస్తువే. ఒక కట్టుబాటు కూడా ఉండేది. ఇచ్చేవాడు ఓడని కట్టిన మోకు పట్టుకుని, తన వస్తువులోని లోపం పైకి చెప్పాలి. చెబితేనే బేరం చెల్లుతుంది.

ఒక వేసవిలో రత్నగుప్తుడనే వర్తకుడు ఓడలో ఒక ఆటల పెట్టె తెచ్చాడు. మూత తీస్తే లోపల వెలుగు. వెలుగులో గుర్రాలు పరిగెత్తేవి, కోటలు లేచేవి. ఇద్దరు ఆడుకునేలా రెండు పక్కలా రెండు పిడులు. పిడి ఎటు తిప్పితే గుర్రం అటు తిరిగేది. గవరయ్య మనసు దాని మీద పడింది. బదులుగా గోరింకనిమ్మన్నాడు వర్తకుడు.

మోకు పట్టుకుని వర్తకుడు లోపం చెప్పాడు. "ఏడాది తిరిగేసరికి దీనికో తమ్ముడొస్తాడు."

వస్తే రానీ, ఇంట్లో సందడిగా ఉంటుందని గవరయ్య నవ్వేశాడు. తన వంతు రాగానే, "ఇది ఊరుకోదు బాబూ, అడిగిందే అడుగుతుంది" అన్నాడు. చూశారా, దాన్ని లోపమనుకున్నాడు. విసుగొస్తే పెట్టె తిరిగిచ్చి పిట్టని తెచ్చుకోవచ్చులే అని ధీమా కూడా.

కొన్నాళ్లు సంబరంగా గడిచింది. కుడి పిడి పట్టుకుని ఆడేవాడు, గెలిచేవాడు. గెలిచానని చెబుదామని తలెత్తితే ఖాళీ చిలక్కొయ్య. కంచం ముందు కూర్చుంటే సముద్రం హోరు. అడిగేవాళ్లు లేక, తిన్నాడో లేదో అతనికే గుర్తుండేది కాదు.

మరుసటి ఏడు ఓడ రాగానే పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. దీని తమ్ముడొచ్చేశాడన్నాడు రత్నగుప్తుడు. అందులో గుర్రాలకి రెక్కలున్నాయట. పాత పెట్టెకి మేకపిల్లనిస్తానన్నాడు. గోరింక కావాలంటే పాడి ఆవు తెమ్మన్నాడు. అది ఏ రేవుకి వెళ్తే ఆ భాష పట్టేసి, బేరాలు తెచ్చిపెడుతోందట.

గీత కూడా పడలేదు కదా అని గవరయ్య బతిమాలాడు. వర్తకుడు పిడులు తడిమి చూశాడు. కుడిది అరిగి నున్నబడింది. ఎడమది కొత్తగా మెరుస్తోంది.

"ఒక్కడివే ఆడావా?" అన్నాడు.

గవరయ్య పెట్టెని మళ్లీ నెత్తికెత్తుకున్నాడు.

రెండో ఏడు రెండో తమ్ముడు దిగాడు. పెట్టె ధర కోడిపెట్టకి జారింది. మూడో ఏడు మూడో తమ్ముడు. ఈసారి కొబ్బరికాయ ఇస్తానన్నాడు వర్తకుడు, అదీ నీళ్లు లేనిది. పెట్టె మాత్రం మొదటిరోజు ఎలా ఆడిందో అలాగే ఆడుతోంది.

అప్పుడే కొండమీంచి సింహాద్రి అనే పశువుల కాపరి పాడి ఆవుని తోలుకొచ్చాడు. ఓడల సంగతులు ఎరగడు. వెలుగులో గుర్రాలని చూసి ముచ్చటపడి, "అన్నా, ఈ ఆవుని తీసుకుని అది నాకిచ్చెయ్" అన్నాడు.

గవరయ్య ఓడ వైపు చూశాడు. ఆవుంటే గోరింక వచ్చినట్టే. ఓడ ఇంకాసేపట్లో కదులుతుంది. లోపల్నుంచి "అన్నం తిన్నావా?" అని వినబడింది. ఎవరినో అడుగుతోంది. పిడి కాస్త అరిగిందని చెప్పి ఊరుకుంటే సరిపోతుంది. వర్తకుడు కన్నుగీటాడు కూడా.

గవరయ్య మోకు పట్టుకున్నాడు. "తమ్ముడూ, దీనికి ముగ్గురు తమ్ముళ్లొచ్చేశారు. ఇవాళ దీనికి నీళ్లులేని కొబ్బరికాయే వస్తుంది. ఇంకోటి. ఆడుతున్నంతసేపూ పక్కన మనిషి లేడని తెలీదు. మూత వేశాక తెలుస్తుంది."

సింహాద్రి అతని మొహంలోకి కాసేపు చూసి, ఆవు పలుపు మళ్లీ చేతికి చుట్టుకున్నాడు. మోకు విప్పారు. ఓడ కదిలింది. గోరింక గొంతు సన్నబడి సన్నబడి అలల్లో కలిసిపోయింది.

గవరయ్య మెట్లెక్కి, తుడిచిన గాజునే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుంటే కింద గిట్టల చప్పుడైంది. సింహాద్రి ఆవుని కట్టేసి, చెంబుడు పాలతో పైకి వచ్చాడు. "రేవులో ఎవరింట దిగాలో తెలీలేదన్నా. నిజం చెప్పేవాడి గుమ్మంలో అయితే ఆవుకి భయం లేదనిపించింది" అన్నాడు. పెట్టె దగ్గర చతికిలబడి ఎడమ పిడి పట్టుకుని, ఇది కొత్తగానే ఉందే అని ఆశ్చర్యపోయాడు.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో ఎన్నాళ్లుగానో వాడని గొంతు.

"అన్నం తిన్నావా?" అని అడిగాడు.

గోరింక మళ్లీ రాలేదు. అడక్కండి, రాలేదు. చిలక్కొయ్య ఖాళీగానే ఉండిపోయింది. కానీ సింహాద్రి రేవుకి దిగినప్పుడల్లా అక్కడే ఉండేవాడు. కొన్నేళ్లకి ఎడమ పిడి కూడా అరిగి నున్నబడింది. అప్పటికి ఆ పెట్టెకి కొబ్బరిచిప్ప కూడా ఎవరూ ఇవ్వరు. వాళ్లూ ఎవరినీ అడగలేదు.

ఇక లేస్తాను. గోంగూర సగం వలిచి వచ్చాను, వాడిపోతుంది. నా ప్రశ్నకి జవాబు కూడా చెప్పేసి వెళ్తాను: కొన్న వస్తువు ధర చేతికందిన రోజునుంచే తగ్గుతుంది, కాబట్టి మనల్ని పలకరించేవాళ్లని దేనికీ మారకం వెయ్యకూడదు.