రాజుగారికి సిద్ధమైన పెంటకుప్ప

ఒకానొక రాజ్యంలో, రౌద్రి నామ సంవత్సరం మొదలు ఎనిమిదేళ్ళపాటు, ఉలిగుట్ట అనే రాళ్ళు కొట్టుకునేవాళ్ళ పల్లెలో పిల్లలందరికీ అన్యాయం జరిగింది. చేసినవాడు ఆ దేశపు రాజు కీర్తిభూషణుడు. పేరు దాచాల్సిన పనేం లేదు.

ఆయన ఏటా తన పుట్టినరోజున పల్లకీలో వచ్చి, ఇక్కడ బడి కట్టిస్తున్నానని శిలాశాసనం పాతేవాడు. బాజాలు మోగేవి. కొబ్బరికాయ పగిలేది. పల్లకీ వెళ్ళిపోయేది. మరుసటేడు మళ్ళీ కొత్త రాయి. ఎనిమిది రాళ్ళు నిలబడ్డాయి గానీ ఒక్క గోడా లేవలేదు. గేదెలు ఒళ్ళు గోక్కోవడానికి మాత్రం భేషుగ్గా ఉన్నాయి. పిల్లలైతే బడి అంటే ఆ రాయే అనుకున్నారు. "అమ్మా, బడికి పోయొస్తా" అని వెళ్ళి, కాసేపు రాయెక్కి కూర్చుని వచ్చేవాళ్ళు.

ఆ రాళ్ళు చెక్కేది ఓబుళమ్మ. లేఖకుడు సుద్దతో గీసిపోతే, ఆ గీతల వెంట ఉలి నడిపేది. మొదట్లో అక్షరాలు ఆమెకు ముగ్గుల్లా కనిపించేవి. "ఇదేంటయ్యా? ఈ కొమ్మున్నదేంటి?" అని లేఖకుడి ప్రాణం తోడేసి, ఆరో రాయి నాటికి కూడబలుక్కుని చదవడం నేర్చింది. ఎనిమిదో రాయి గడగడా చదివేసింది. చదివి, ఉలి కింద పడేసి, కడుపు పట్టుకుని నవ్వింది.

మర్నాడు గంప చంకనెట్టుకుని కొలువుకు వెళ్ళింది.

"ఏమే, ఏం కావాలి?" అన్నాడు రాజు, మీసం దువ్వుకుంటూ.

"ఏలికా, చిన్న సందేహం. మీకు ఆవు పేడ ఇష్టమా, గేదె పేడ ఇష్టమా? గంపలో రెండు రకాలూ తెచ్చా."

ఓబుళమ్మ గంప కిందికి దించింది.

"మీరు పుట్టబోయే పెంటకుప్ప ముందే సిద్ధం చేస్తున్నాం. తూర్పు ముఖంగా పోశాం. ఎండ తగలకుండా పందిరి కూడా వేశాం."

"తల తీయించేస్తా! నేను పెంటకుప్పలో పుట్టడమేమిటి?"

"నేనన్నానా? మీరే అన్నారు, రాతిమీద చెక్కించి మరీ. బిరుదులన్నీ అయ్యాక అట్టడుగున ఏముంది? 'ఈ ధర్మాన్ని సాగనివ్వనివాడు, ఇచ్చినవాడే అయినా సరే, అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడు.' ఎనిమిది రాళ్ళకీ కలిపి నాలుగు లక్షల ఎనభై వేల ఏళ్ళు. అంత కాలం ఉండబోయేవారికి వసతి చూడొద్దా?"

రాజు తిరిగి పురోహితుడు సోమయాజుల వైపు చూశాడు. "ఏమయ్యా, నిజమేనా?"

"ప్రభూ, శాసనం అన్నాక చివర శాపం రాయడం ఆచారం. నేనే రాశాను. ఎవరూ చదవరు గదా అని..."

"నేనూ చదవలేదయ్యా! నా బిరుదులు అయిపోగానే మానేస్తాను!"

"అది మాకు తెలుసు ప్రభూ."

"అయితే ఆ రాళ్ళు పీకించేయండి!"

"పీకిస్తే రాయికి ఇంకో అరవై వేలు," అన్నాడు సోమయాజులు, నేల చూపులు చూస్తూ.

"శాపం వరకూ చెక్కి తీసేస్తే?"

"అదీ అంతే ప్రభూ."

రాజు సింహాసనంలో కొంచెం కిందికి జారాడు. "అదే రాతిమీద సప్తసముద్రాధీశ్వరుడనని కూడా చెక్కించాను. నాకు సరైన చెరువే లేదు. దాన్ని ఎవరూ అడగలేదే?"

"చదవడం రాక అడగలేదు," అంది ఓబుళమ్మ. "సముద్రాలు మీరు తేలేరు, వదిలేశాం. బడి తేగలరు. మొదటి రాయి పాతిననాడు నా కూతురు చంకలో పాలు తాగుతోంది. ఇవాళ కంకర గంప మోస్తోంది. ఇంకో రెండేళ్ళకు నా ఉలి దాని చేతికొస్తుంది. ఆ తర్వాత మీరు బంగారంతో కట్టించినా దానికెందుకు?"

రాజు మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు.

"సరే, రేపే మొదలుపెట్టిస్తాను," అన్నాడు రాజు.

"ఎన్ని?"

"ఎన్నేమిటే? ఒకటి!"

"రాళ్ళు ఎనిమిది, ఏలికా. ఒకటి కట్టిస్తే ఇంకా నాలుగు లక్షల ఇరవై వేల ఏళ్ళు ఉండిపోతాయి. మా పల్లెకు ఒకటి చాలు. మిగతా ఏడూ గుట్ట చుట్టూ ఉన్న ఏడు పల్లెలకు. గోడలు పాఠం చెప్పవు గనక అయ్యవార్లు కూడా ఎనిమిది మంది కావాలి."

సోమయాజులు మెల్లగా స్తంభం వెనక్కి తప్పుకోబోయాడు.

"ఎక్కడికి సామీ? మా పల్లెకు అయ్యవారు మీరే! మీ రాత మీద మాకు బాగా గురి కుదిరింది."

రాజు గొంతు తగ్గించి అడిగాడు: "పందిరి నిజంగానే వేశారా?"

"వేశాం. మీ బిరుదులన్నీ రాసిన పలక కూడా కట్టాం. పక్క కుప్పలో పురుగులకు మీరెవరో తెలియొద్దూ?"

రాజుకు ముందు మీసం అదిరింది. తర్వాత పొట్ట అదిరింది. ఆపైన కిరీటం జారి ఒళ్ళో పడేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ, చేతి బంగారు కడియం తీసి ఆమెకిచ్చాడు. ఓబుళమ్మ వద్దంటుందని కొలువులో అందరూ అనుకున్నారు. ఎందుకంటుంది? అక్కడే తొడుక్కుని, వదులుగా ఉందని కంసాలిని కూడా పిలిపించమంది.

ఇక రాజు తాపీవాళ్ళను నిద్రపోనిస్తే ఒట్టు. ఒక్కో పల్లెలో పైకప్పు పడ్డప్పుడల్లా వేళ్ళు మడిచి, "హమ్మయ్య, ఇంకా రెండు లక్షల నలభై వేలు" అంటూ పరిగెత్తించేవాడు.

అన్నిటికన్నా ముందు తెరిచింది ఉలిగుట్ట బడి. సోమయాజులు తాటాకు మీద రాసుకున్న మొదటి పేరు గంగి, ఓబుళమ్మ కూతురు. ఆ పూట కూర్చున్న పిల్లలు నలభై ముగ్గురు. ప్రభవ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పంచమి, బుధవారం.