గోడల్లేని ఇంటి గుమ్మం

అనగనగా ఒక ఊళ్ళో ఒక గుమ్మం ఉండేది. ఇల్లు కాదే కుందనా, ఉత్త గుమ్మమే. పక్కన గోడల్లేవు, పైన కప్పు లేదు. మొన్న మన కొత్తింటి స్థలంలో నిలబెట్టి నీ చేత పసుపు రాయించారు చూడు, అచ్చం అలాంటిదే.

నిద్ర రావట్లేదా? ఎలా వస్తుందిలే. పక్కగదిలో మీ నాన్న ఇంటిపని సాగట్లేదని ఫోన్లో మేస్త్రీ మీద అలా కేకలేస్తుంటే నాకూ రావట్లేదు. ఈ అద్దింటి గోడలు ఉన్నా లేనట్టే. ఇలా నా పక్కకి జరుగు. దుప్పటి మొత్తం లాక్కోకు, నాకూ కాస్త ఉంచు.

ఆ గుమ్మం అప్పన్నా నూకాలూ అనే మొగుడూ పెళ్ళాలది. అప్పన్న తుంగచాపలు అల్లి సంతలో అమ్మేవాడు. ఇద్దరూ అప్పన్న అన్నగారింట్లో, వసారాలో ఓ మూల తలదాచుకునేవారు. ఆ ఇంట్లో పొయ్యి తోటికోడలు పైడమ్మది. నూకాలు గుక్కెడు గంజి కాచుకోవాలన్నా గడప బయట నిలబడి, "అక్కా, లోపలికి రావచ్చా?" అని అడగాలి.

పైడమ్మ చెడ్డదేం కాదు. కాకపోతే తీరిగ్గా జవాబు చెప్పేది. ఒక్కోరోజు ఆ జవాబు వచ్చేసరికి నూకాలుకి ఆకలి చచ్చిపోయేది.

అందుకని నూకాలుకి ఒకటే కోరిక. తనకంటూ ఒక గడప ఉండాలి, ఎవర్నీ అడక్కుండా దాన్ని దాటి లోపలికెళ్ళాలి. మేడలూ మిద్దెలూ ఏం అడగలేదు పాపం.

అప్పుడు ఊరి చివర కాస్త స్థలం దొరికింది. వైశాఖంలో మంచిరోజు చూసి, గోడలు ఎక్కడెక్కడ వస్తాయో ముగ్గు పోశారు. నూకాలు పుట్టింటివాళ్ళు పెరట్లో వేపచెట్టు కొట్టించి ద్వారబంధం చేయించి పంపారు. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి నిలబెట్టారు. పడిపోకుండా అటూ ఇటూ కర్రలు ఆనించారు. ఇక గోడలు లేవడమే తరువాయి అనుకున్నారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా?

ముందు వాన వచ్చింది. ఆ ఏడు తొందరగా పట్టుకుంది. గోడల కోసం తొక్కి పెట్టుకున్న మట్టంతా బురదై కాలవలోకి పోయింది. "వానలు వెనకపట్టేదాకా గోడ మాటెత్తకు" అన్నారు పనివాళ్ళు. అప్పన్న ఆకాశాన్ని తిట్టాడు. ఆకాశం పట్టించుకోలేదు.

నూకాలు మాత్రం ఏం చేసిందో తెలుసా? వాన వెలిసినప్పుడల్లా వెళ్ళి గడప కడిగి, పసుపు రాసి, ముందర ముగ్గేసేది. చెరిగిపోయిన గోడల గీతలు మళ్ళీ పోసేది. గీతల లోపల మూడు రాళ్ళు పెట్టి గంజి కాచేది. ఓరోజు అప్పన్న సంత నుంచి వచ్చి అడ్డదారిన గీత దాటబోయాడు.

"ఏటయ్యా, గోడలోంచి వచ్చేస్తన్నావు? బుర్ర పగిలిపోద్ది! గుమ్మంలోంచి రా" అంది నూకాలు.

"గోడేదే?" అన్నాడు అప్పన్న.

"వస్తాది."

అప్పన్న గొణుక్కుంటూ చుట్టూ తిరిగి గుమ్మంలోంచే వచ్చాడు. ఊరంతా నవ్వింది. "గోడల్లేని మహారాణి" అని పైడమ్మ మూతి తిప్పింది. అయినా నూకాలు ఎవరొచ్చినా గుమ్మంలోంచే రానిచ్చేది. కూరలమ్మే మనిషి కూడా గుమ్మం ముందే గంప దించాల్సొచ్చేది. ఒక్క పైడమ్మగారి మేకకి మాత్రం నచ్చజెప్పలేకపోయింది. అది ఎటు బుద్ధిపుడితే అటు నుంచి వచ్చి గంజికుండలో మూతి పెట్టేది.

ఆ తర్వాత వానలు వెనకపట్టాయి, కార్తీకం వచ్చింది. మట్టిగోడ ఎలా పెడతారో నీకు తెలీదు కదూ? ఒక వరస పెట్టాలి, అది ఎండాలి, అప్పుడు దాని మీద ఇంకో వరస పెట్టాలి. అప్పన్నకి ఆగే ఓపిక ఏదీ? "ఆలస్యం అమృతం విషం" అంటూ పనివాళ్ళ వెంటపడి, పచ్చి వరస మీద పచ్చి వరస పెట్టించాడు. పొద్దుటికి గోడ మొత్తం చతికిలపడింది. గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది.

నూకాలు గోడకేసి చూసి, మొగుడికేసి చూసి, "పచ్చి తుంగతో చాప అల్లితే ఏటవుద్ది?" అని అడిగింది.

"ఎండాక వదులైపోద్ది. ఆమాత్రం తెలీదా?" అన్నాడు అప్పన్న.

అనేశాక వాడికే తెలిసొచ్చింది. తెలిసొస్తే ఇంకా కోపం వస్తుంది కొందరికి. మీ నాన్నకీ అంతే.

ఆ తర్వాత కోతలొచ్చాయి. మట్టిపనివాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని పొలాలకి పోయారు. "పంట ఆగదు, నీ గోడ ఆగుద్ది. కోతలయ్యాక వస్తాం" అన్నారు. అందులో అబద్ధమేముంది? కానీ అప్పన్నకి ఒళ్ళు మండిపోయింది. వాన మీద కోపం, మట్టి మీద కోపం, మనుషుల మీద కోపం, అన్నీ కలిసి చివరికి ఆ గుమ్మం మీదకి మళ్ళాయి. ఊళ్ళోవాళ్ళ నవ్వంతా దానివల్లే అనిపించింది.

అప్పుడు, నూకాలు నీళ్ళకి వెళ్ళిన సమయం చూసి, గునపం పట్టుకొచ్చాడు. గుమ్మం పీకేసి చిదుగుల కింద కొట్టేస్తే ఈ పీడ విరగడైపోతుందనుకున్నాడు. నూకాలు పుట్టింటి వేప అని గానీ, పెళ్ళాం కోరికంతా ఆ గడప మీదే ఉందని గానీ గుర్తు రాలేదు. కోపం అలాంటిదమ్మా. ఒక కర్ర లాగేశాడు. గుమ్మం కొంచెం ఒరిగింది. రెండో కర్ర మీద చెయ్యేశాడు.

"నూకాలూ, లోపలున్నావేటి?"

ఎవరా అని తలెత్తి చూశాడు. గడప అవతల పైడమ్మ, చేతిలో ఒక పిడక పట్టుకుని నిలబడి ఉంది. ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి ఆరిపోయిందట, నిప్పు కోసం వచ్చింది. చుట్టూ అంతా ఖాళీయే. అటు నుంచి రావచ్చు, ఇటు నుంచి రావచ్చు, వాళ్ళ మేకలాగా. కానీ రాలేదు. గడప అవతలే ఆగి అడిగింది.

"నిప్పు కావాలి మరిదీ. లోపలికి రావచ్చా?"

ఈ మాట అప్పన్నకి కొత్త కాదు. ఏళ్ళ తరబడి వాడి పెళ్ళాం ఆ ఇంటి గడప బయట నిలబడి అడిగిన మాటే. నవ్విన మనిషే ఇవాళ వచ్చి, తన గడప ముందు నిలబడి అదే మాట అడుగుతోంది. లోపల ఏముందని? మూడు రాళ్ళూ, ఒక కుండా. ఇక్కడ ఇల్లు లేదు పొమ్మనాలి. కానీ నోరు అలా అనలేదు.

"రా వదినా, లోపలికి రా" అన్నాడు.

రమ్మన్నాక గుమ్మం ఎలా పీకుతాడు చెప్పు! గునపం కింద పడేసి, గబగబా కర్ర తెచ్చి యథాప్రకారం ఆనించాడు. పైడమ్మ పొడుగుమనిషి. తల వంచుకుని లోపలికొచ్చి, పిడక అంటించుకుని, మళ్ళీ తల వంచుకునే బయటికెళ్ళింది. ఎందుకలా చేసిందో ఆవిడకీ తెలిసుండదు. రోజూ చూసీ చూసీ, లేని గోడలు ఆ కళ్ళకి అలవాటైపోయాయి.

నూకాలు నీళ్ళ బిందెతో వచ్చింది. కింద పడి ఉన్న గునపాన్ని చూసింది. కర్ర జరిగిన గుర్తు చూసింది. అన్నీ అర్థమయ్యాయి. బిందె గడప లోపల దించింది. ఆ తర్వాత, "గునపమెందుకు తెచ్చావు?" అని మెల్లిగా అడిగింది.

అప్పన్న తల దించుకున్నాడు. "మట్టి తవ్వడానికే" అన్నాడు. అది అబద్ధం కాకుండా ఉండాలని అప్పటికప్పుడు వెళ్ళి తవ్వడం మొదలెట్టాడు.

ఇద్దరూ మట్టి తొక్కారు, ఒక వరస పెట్టారు. అది ఎండేదాకా అప్పన్న దాని పక్కనే కూర్చుని చాప అల్లాడు. ఎండాక ఇంకో వరస. మళ్ళీ చాప. కోతలయ్యాక పనివాళ్ళు మాట ప్రకారం వచ్చి చెయ్యేశారు. మళ్ళీ వానలు పడేలోగా తాటాకు కప్పు కూడా పడింది.

గృహప్రవేశం నాడు పంతులుగారు, "అమ్మా, కుడికాలు ముందు పెట్టి లోపలికి రా" అన్నారు. నూకాలు ముందు నవ్వింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఎవర్నీ అడక్కుండా గడప దాటింది. అంతలో వెనక వైపు నుంచి 'ధడేల్'మని చప్పుడు! అందరూ పరిగెత్తి చూస్తే, పైడమ్మగారి మేక. అలవాటు చొప్పున సరాసరి వచ్చి గోడకి గుద్దుకుంది! ఊళ్ళో అందరికంటే ఆఖర్న గోడ సంగతి తెలిసింది దానికే.

నవ్వు, నవ్వు. ఇప్పుడు నాతో పాటు పాడు, కళ్ళు మూసుకుని.

వాన వచ్చి ఆగమంది,
గోడ కూలి ఆగమంది,
కోత వచ్చి ఆగమంది,
గుమ్మం మాత్రం రమ్మంది!

రేపు పొద్దున్నే మనిద్దరం కొత్తింటి స్థలానికి వెళ్దాం. గడప నేను కడుగుతాను, ముగ్గు నువ్వెయ్యి. నీ గది ఎక్కడ, నీ కిటికీ ఎక్కడ, గీతలు గీసుకో. మీ నాన్ననీ రమ్మందాం. గోడలోంచి వస్తే మాత్రం ఊరుకోకు, గుమ్మంలోంచి రమ్మను.

ఏంటీ? కథ కంచికి సరే, మనం ఏ ఇంటికి అంటావా? మన ఇల్లింకా కాలేదనేగా నీ దిగులు?

పిచ్చిపిల్లా, కంచి ఇక్కడుందా! కథ ఇప్పుడే బయల్దేరింది. అది తాపీగా నడిచి నడిచి కంచికి చేరేలోగా, మనం మనింటికి.