మద్దిలేటి కూర్చున్న రాయి

మూడేళ్లుగా మద్దిలేటి గంప మోస్తూనే ఉన్నాడు. అయ్యవారి పుస్తకంలో వాడి పేరు ఒక్కసారీ ఎక్కలేదు. అదే వాడి దిగులు.

అయ్యవారంటే కంబగిరి అయ్యవారు. ఊరికి ఉత్తరాన ఉన్న పాటిదిబ్బ మీద నలభై ఏళ్లుగా తిరుగుతున్న మనిషి. వేల ఏళ్ల కిందట అక్కడొక ఊరు ఉండేదట. రాజులు లేని కాలం, ఇనుమంటే తెలియని కాలం. ఆ ఊరు మట్టిలో కలిసి దిబ్బగా మిగిలింది. వాన వెలిసిన మర్నాడు పైమన్ను కొట్టుకుపోయి కుండపెంకులూ రాతి పనిముట్లూ బయటపడతాయి. అయ్యవారు వాటిని ఏరి, ఎక్కడ దొరికిందీ ఎవరికి దొరికిందీ పుస్తకంలో రాస్తారు.

ఆ రోజు మద్దిలేటికి రాతి గొడ్డలి దొరికింది. నల్లగా, నున్నగా ఉంది. అంచున ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. అంత నిండైనది అయ్యవారికే ఎన్నడూ దొరకలేదు. వాడు దాన్ని తువ్వాలు మీద పెట్టి, పక్కనున్న చదునైన రాయి మీద దొరలా కూర్చుని, రొట్టె తింటూ ఎదురుచూశాడు. ఇక ఇవెందుకని, పొద్దున ఏరిన మామూలు రాళ్లను గంపలోంచి తీసి పక్కకి విసిరేశాడు.

అయ్యవారు వచ్చి గొడ్డలిని రెండు చేతులా అందుకున్నారు. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఆయన కళ్లు మెరిశాయి.

"నీ కన్ను నా కన్నుని మించిందిరా," అన్నారు.

"అయితే నా పేరు పెద్ద అక్షరాల్లో రాయండి అయ్యవారూ. ఇంతటి వస్తువు ఈ దిబ్బ మీద ఇంకెవరికీ దొరకలేదని కూడా రాయండి."

"రాస్తాను. ముందు లెయ్యి. నువ్వు కూర్చున్నదాన్ని తిరగెయ్యి."

ఇద్దరూ పట్టి తిప్పారు. బోర్లా పడి ఉన్న ఆ రాయి లోపలివైపు దోనెలా గుంట పడి ఉంది. అరచెయ్యి జారిపోయేంత నునుపు. అది గింజలు నూరిన రాయి. ఎన్నేళ్లు నూరిందో, ఎంతమంది ఆకలికి నూరిందో ఏ తల్లో, బండ కూడా అరిగిపోయింది.

మద్దిలేటి నాలుక కరుచుకున్నాడు. చిన్నప్పుడు రోటి మీద కూర్చుంటే వాళ్లమ్మ వీపు చిట్లగొట్టేది. వంగి ఆ రాయిని తాకి కళ్లకద్దుకున్నాడు.

వాడు విసిరేసిన వాటిలోంచి అయ్యవారు గుండ్రటి రాయొకటి వెతికి తెచ్చి వాడి చేతికిచ్చారు. పక్కనే ఉన్న తన చేలోంచి ఒక జొన్న కంకి తుంచి, నలిపి, గింజలు గుంటలో పోశారు.

"నూరు," అన్నారు.

మొదట రాయి చేతిలో నిలవలేదు. కొంచెం మార్చి పట్టుకునేసరికి బొటనవేలు ఒక చిన్న పల్లంలో ఒదిగింది. అంతే, చెయ్యి దానంతటదే ముందుకీ వెనక్కీ సాగింది. కాసేపటికి తెల్లటి పిండి రాలింది. ఎన్ని వేల ఏళ్ల తర్వాతో, అక్కడ మళ్లీ పిండి వాసన.

అయ్యవారు పుస్తకం తెరిచి గొడ్డలి కింద మద్దిలేటి పేరు పెద్ద అక్షరాల్లోనే రాశారు. తర్వాత కొత్త పేజీ తిప్పి, నూరుడురాయి సంగతి నువ్వే రాయాలంటూ కలం వాడికిచ్చారు. మూడేళ్లలో ఆయన కలం వాడి చేతికి రావడం అదే మొదలు.

దిబ్బకి తూర్పు వాలున అని రాశాడు మద్దిలేటి. బోర్లా పడి ఉంది అని రాశాడు. పేరు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇక్కడ నా పేరు రాయలేను అయ్యవారూ. ఆ తల్లి పేరేమో తెలియదు."

అయ్యవారు గుండ్రాయి మీది పల్లాన్ని చూపించారు.

"ఆమెకి రాత రాదు. వేలిముద్ర వేసి పోయింది."